అచ్చులో పడని నీలం

ఆ హాల్లో తాము గీసిన బొమ్మలు అమ్మడానికి బల్లలు వేసుకున్నవాళ్లు పాతికమంది దాకా ఉంటారు. మిగతా బల్లల నిండా రంగులే రంగులు. ఆమె బల్ల మీద మాత్రం నలుపూ తెలుపూ. గొడుగేసుకు తిరిగే పిచ్చుక బొమ్మల కథలవి. పిల్లల మాసపత్రికలో తొమ్మిదేళ్లపాటు నెలకు రెండు పేజీల చొప్పున గీసింది. పత్రిక మూతపడ్డాక పాఠకులే వెతుక్కుంటూ వచ్చి, "అచ్చయింది కాదమ్మా, మీరు చేత్తో గీసిన అసలు పేజీ కావాలి" అని అడగడం మొదలుపెట్టారు. అందుకని ఏడాదికోసారి ఇక్కడ బల్ల వేస్తుంది. పాత పేజీలు అమ్ముతుంది. ఫలానా బొమ్మ గీసిపెట్టమని ఎవరైనా అడిగితే రాసుకుని, ఇంటికెళ్లి గీసి పంపుతుంది. వచ్చేవాళ్లకి ఆమె పేరు కూడా పట్టలేదు, పిచ్చుకమ్మ అంటారు.

పక్క కుర్చీలో అత్తగారు పదకొండు నెలల మనవణ్ణి ఒళ్లో వేసుకుని కూర్చుంది. పిచ్చుకమ్మ ఒక మనిషితో మాట్లాడ్డం, పిల్లాడి నుదుటి మీద చెయ్యి వెయ్యడం, మళ్లీ ఇంకో మనిషితో మాట్లాడ్డం. పొద్దుటి నుంచీ ఇదే వరస.

"అత్తయ్యా, వెచ్చగా లేడూ?"

"ఇప్పుడేగా చూశావు! వాడు మంచులా ఉన్నాడు. జ్వరం నీకే, అనుమానపు జ్వరం. దానికి మందు లేదు."

ఆమె నవ్వినట్టు మొహం పెట్టింది. ఆ అనుమానం ఎక్కడ పుట్టిందో ఇద్దరికీ తెలుసు. రెండేళ్ల కిందట పెద్దపిల్లకి ఒళ్లు వెచ్చబడితే, పన్ను వస్తోందేమో, ఎండ తగిలిందేమో అనుకుంటూ ఒక రాత్రి ఊరుకుంది. మూడో రోజుకి పిల్ల లేదు. నాలుగున్నరేళ్లు.

కళ్లద్దాల మాస్టారు ఒకాయన పేజీ ఎత్తి ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా చూస్తున్నాడు.

"పుస్తకంలో అరచేతంత ఉండేది కదమ్మా, ఇదేమిటి చాపంత ఉంది?"

"పెద్దగా గీస్తామండీ. చిన్నది చేసి అచ్చేస్తారు. అప్పుడు నా తప్పులు కూడా చిన్నవైపోతాయి."

"ఆ సదుపాయం మా పిల్లలకీ ఉంటే బాగుండును. పరీక్ష కాగితాలు చిన్నవి చేయించి దిద్దేవాణ్ణి. మరి ఇక్కడ ఈ తెల్లగా ఉన్నదేమిటి, పాలు ఒలికాయా?"

"పిచ్చుక ముక్కు వంకరొస్తే తెల్ల రంగుతో కప్పేశాను."

"బాగుంది, ముక్కుకి పట్టీ వేశారన్నమాట." మాస్టారు పేజీని అటూ ఇటూ తిప్పాడు. "కిందటేడు చూసినప్పుడు వీటి మీద ఏవో నీలం గీతలుండేవి. ఈసారి కడిగిన ముత్యాల్లా ఉన్నాయే!"

ఆమె చేతిలో పెన్ను ఆగింది.

నీలం గీతలు లేకపోవడమేమిటి? ముందు లేత నీలం పెన్సిలుతోనే బొమ్మ కట్టుకుంటుంది. దాని మీద నల్ల సిరాతో దిద్దుతుంది. నీలం తుడిచే పని లేదు. పత్రికాఫీసులో పేజీని ఫొటో తీసినప్పుడు ఆ లేత నీలం కెమెరా కంటికి ఆనదు. అచ్చులో పడదు. అందుకే ఆ పెన్సిలు వాడతారు. అందుకే పెద్దపిల్ల చేతికి కూడా ఆ పెన్సిలే ఇచ్చింది.

గంటలకొద్దీ వంగి గీసుకునే అమ్మ ఒళ్లోకెక్కి, నేనూ గీస్తాను, నేనూ గీస్తాను అని ఆ పిల్ల ఊరుకునేది కాదు. వేరే కాగితమిస్తే ఒప్పుకునేది కాదు, అమ్మ గీసే దాని మీదే గీయాలి. "ఇదుగో, ఈ నీలందే పట్టుకో, నీ ఇష్టమొచ్చినంత గీకు" అని ఇచ్చేసింది. అప్పట్నించీ వాళ్లింట్లో ఆ పిల్ల పేరు గీకులమ్మ. ఎంత గట్టిగా నొక్కేదంటే రోజుకి పదిసార్లు ములుకు విరిగేది, పదిసార్లూ చెక్కివ్వాలి. తన పెన్సిళ్లు బ్లేడుతో చెక్కుకునే అమ్మ, ఆ పిల్ల కోసమే ఒక చెక్కుడుమర కొంది. పిచ్చుక వెనకాల ఖాళీ ఆకాశంలో సున్నాలు, సున్నాలకి కాళ్లు, కాళ్లకి మళ్లీ సున్నాలు. ఊరంతా చదివిన పేజీలే అవి. అచ్చులో పిచ్చుక ఒక్కతే ఉండేది. కాగితం మీద ఇద్దరుండేవారు.

అలాంటివి పదకొండు పేజీలు. అమ్మేవాటిలో కలవకుండా ఎర్ర ఫైల్లో పెట్టి మంచం కింద దాచింది. ఎందుకు దాచిందో ఎవరికీ చెప్పలేదు. చెప్పబోతే మాట కన్నా ముందు ఏడుపు వస్తుందని భయం.

ఆమె బల్ల మీది దొంతర గబగబా తిరగేసింది. మధ్యలో నత్త పేజీ కనిపించింది. ఎర్ర ఫైల్లోది. తెల్లగా ఉంది. దాని కింద కప్పల పెళ్లి. అదీ ఎర్ర ఫైల్లోదే. తెల్లగా ఉంది.

"అత్తయ్యా... ఇవన్నీ..."

"ఆఁ, నేనే!" అత్తగారి మొహం విప్పారింది. "కిందటేడు ఒకాయన, పేజీ బాగుంది గానీ మరకలున్నాయని వదిలేసిపోయాడు గుర్తుందా? అప్పట్నించీ నా మనసులో ఉంది. నువ్వు పిల్లాడితో కాస్త నడుం వాల్చినప్పుడల్లా కూర్చుని మెత్తటి రబ్బరుతో తుడిచాను. నల్ల గీత ఒక్కటి చెదరనివ్వలేదు, చూసుకో. మంచం కింద ఎర్ర ఫైల్లోవైతే మరీ పాడయ్యాయి పాపం. పనికిరావని పక్కన పడేసుకున్నావు కాబోలు. వాటికే నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. నిన్న వాటినీ వీటితో కలిపి నేనే సర్దాను. ఎంత నొక్కి గీశావే తల్లీ, ఓ పట్టాన పోలేదు!"

ఆవిడ తప్పేముంది? పెద్దపిల్ల ఉన్న రోజుల్లో ఆవిడ కూతురింట్లో ఉండేది. ఈ పిల్లాడు కడుపున పడ్డాకే సాయానికి వచ్చింది. అమ్మ ఒళ్లో కూర్చుని గీకే మనవరాలిని ఆవిడ చూడనే లేదు.

"బాగా... బాగా శుభ్రం చేశారత్తయ్యా" అంది పిచ్చుకమ్మ.

మాస్టారు పేజీ ఒకటి తీసుకుని వెళ్లాడు. తరవాత బట్టతలాయన వచ్చాడు. "మా ఆవిడ పుట్టినరోజుకి ఆవిణ్ణి పిచ్చుకలా గీసివ్వాలండీ. అయితే ఒక చిక్కుంది. మా ఆవిడ పిచ్చుకలా ఉండదు, గద్దలా ఉంటుంది."

"గద్దకి గొడుగిస్తే ఎవరి నెత్తిన పడుతుందో తెలుసు కదండీ?"

"ఇరవయ్యేళ్లుగా నా నెత్తినే పడుతోంది, పర్లేదు, వెయ్యండి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది, పుస్తకంలో 'గద్ద, గొడుగు' అని రాసుకుంది. ఆ అక్షరాలు ఎవరో రాస్తున్నట్టున్నాయి. ఒక మనిషి వెళ్లి ఇంకో మనిషి వచ్చేలోపు బల్ల కింద చేతివేళ్లతో లెక్కపెట్టుకుంటోంది. నత్త. కప్పల పెళ్లి. చీమల బారు. అద్దె ఇల్లు. పది దొరికాయి. పదీ తెల్లనివే.

పదకొండోది కిందటేడే పోయింది. ఇంట్లో వదిలి రాలేక ఆ ఏడు ఎర్ర ఫైలు వెంట తెచ్చి కుర్చీ పక్కన పెట్టుకుంటే, బస్సు డ్రైవరొకాయన తనే తీసి, అందులోంచి వాన పేజీ ఎంచుకున్నాడు. అప్పుడామెకి నెలలు నిండాయి. ఇవ్వనని నోటిదాకా వచ్చింది. ఎందుకివ్వవంటే ఏం చెప్పాలో తెలియక ఇచ్చేసింది. ఏడాదంతా, పిల్లాడికి పాలిస్తూ కూడా, ఆ పేజీ తలుచుకుని ఎన్నిసార్లు తనని తాను తిట్టుకుందో. ఇవాళ ఆ తిట్టుకున్నదే దిక్కయింది. లోకంలో ఆ పిల్ల గీసిన గీతలు ఇంక ఒక్క కాగితం మీదే ఉన్నాయి. ఆ కాగితం ఎవరి గోడ మీదో ఉంది.

ఆ డ్రైవరు ఈ ఏడు వస్తాడో రాడో. వస్తే ఏమని అడగాలి? అమ్మిన వస్తువుని తిరిగిమ్మని ఏ మొహంతో అడగాలి?

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక వచ్చాడాయన. చంకలో పాత దుప్పటి చుట్టిన పలకలాంటిదేదో ఉంది.

"నమస్తే అమ్మా! కిందటేడు సంతకం పెట్టకుండా ఇచ్చేశారు. మా ఇంటికొచ్చిన ప్రతివాడూ, ఇది పిచ్చుకమ్మ గీసిందేనా, నువ్వే గీసి గొప్పలు పోతున్నావా అంటాడు. నేను గీస్తే పిచ్చుక బస్సులా ఉంటుంది కదా!"

దుప్పటి విప్పాడు. అద్దం వెనక వాన పేజీ. పిచ్చుక తన గొడుగు నత్తకిచ్చి తడుస్తూ నడిచిపోతోంది. పై మూల, నల్ల సిరా వాన మొదలయ్యే చోట, నీలంగా అడ్డదిడ్డంగా పదిహేనో ఇరవయ్యో గీతలు. పక్కన కాళ్లున్న సున్నా ఒకటి.

ఆమె చట్రాన్ని తన వైపుకి లాక్కుంది.

"ఇదిగో, ఈ నీలం వాన" అన్నాడు డ్రైవరు అద్దం మీద వేలుపెట్టి. "మీరేమీ అనుకోకపోతే ఒక మాట. మీరు నల్లగా వేసిన వాన కన్నా మాకిదే బాగా నచ్చింది. నిజం వాన ఇలాగే పడుతుంది, ఒక లెక్కా పత్రం ఉండదు. ముప్ఫయ్యేళ్లుగా బస్సు అద్దంలోంచి చూస్తున్నాగా."

సంతకానికి తీసిన పెన్నుకి ఆమె మళ్లీ మూత పెట్టేసింది.

"డ్రైవరుగారూ," అంది చివరికి, "ఈ పేజీ నాకు తిరిగివ్వగలరా? ఈ బల్ల మీద మీకేది కావాలంటే అది తీసుకోండి. అన్నీ తీసుకోండి."

ఆయన తెల్లబోయాడు. "ఏమైందమ్మా?"

అత్తగారు పక్కనే ఉంది. ఆవిడకి వినబడకుండా చెప్పాలని చూసింది గానీ మాట పైకే వచ్చేసింది. "ఆ నీలం నేను గీసింది కాదండీ. మా పెద్దపిల్ల గీసింది. ఇప్పుడు లేదు. ఇదొక్కటే మిగిలింది."

అత్తగారు పిల్లాడి వీపు నిమురుతున్న చెయ్యి ఆపింది. బల్ల మీది తెల్లటి పేజీల కేసి చూసింది, అద్దం వెనక పేజీ కేసి చూసింది. కోడలి మొహం కేసి మాత్రం చూడలేదు.

"అయితే నేను తుడిచినవీ..."

"అవి నావే అత్తయ్యా. మామూలు గీతలు."

"నాతో అబద్ధమాడకమ్మాయ్." ఆవిడ గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. "రబ్బరు పొట్టు చేటలోకెత్తి బయట పారబోశాను. ఒక్కసారి కాదు, నాలుగు మధ్యాహ్నాలు. గుప్పెడు గుప్పెడు నీలం. ఎంత ముద్దుగా ఉందో అనుకున్నాను కూడా."

పిచ్చుకమ్మ లేచి ఆవిడ భుజం పట్టుకుంది. పిల్లాడు మధ్యలో నలిగి ఓ కేక పెట్టాడు. ఇద్దరి చేతులూ ఒక్కసారే వాడి నుదుటి మీదికి వెళ్లాయి.

డ్రైవరు కాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. తరవాత జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, చట్రం వెనక స్క్రూలు ఒక్కొక్కటే ఊడదీసి, పేజీని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"ఇది నాది కాదమ్మా. ఏడాదిపాటు నా దగ్గర దాచారంతే."

"మరి మీకు ఏదైనా..."

"వేరే పేజీలేం వద్దు. వీలు చిక్కినప్పుడు ఇదే మళ్లీ గీసి పంపండి. అదే పిచ్చుక, అదే నత్త. ఆ నీలం వాన కూడా ఉండాలి సుమా. అది లేకుండా పట్టుకెళితే మా ఆవిడ గుమ్మం ఎక్కనివ్వదు."

ఖాళీ చట్రాన్ని దుప్పట్లో చుట్టుకుని వెళ్లిపోయాడు.

వారం తిరిగేసరికి పిచ్చుకమ్మ పేజీ అంతా గీసింది. భర్త పనికెళ్లాడు. పిల్లాడు ఉయ్యాల్లో నిద్రపోతున్నాడు. పిచ్చుకా నత్తా నల్ల వానా అచ్చుగుద్దినట్టు వచ్చాయి. పై మూల మాత్రం తెల్లగా ఉంది. చిత్తుకాగితాల మీద నీలం పెన్సిలుతో వేసి చూస్తోంది. ఎన్నిసార్లు వేసినా గీతలు వరసలో పడుతున్నాయి. సున్నా గుండ్రంగా వస్తోంది. ఎడమచేత్తో వేసింది. కళ్లు మూసుకుని వేసింది. ఇరవయ్యేళ్లుగా కుదురు నేర్పిన చెయ్యి ఆ ఒక్క పనికి లొంగడం లేదు.

ఆ హాలు నుంచి వచ్చిన దగ్గర్నించీ అత్తగారు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. పిల్లాడి పనులు చేస్తుంది, వంట చేస్తుంది. గీసే బల్లున్న గదిలోకి మాత్రం రాదు, ఊడవడానికి కూడా.

"అత్తయ్యా, ఒకసారి రండి."

ఆవిడ గుమ్మం దగ్గరే ఆగింది. "నేనెందుకమ్మా అక్కడికి."

"ఈ మూల మీరు గీయాలి."

"నేనా? నీకేమైనా మతిపోయిందా? సంతకం పెట్టమంటేనే నా చెయ్యి వణుకుతుంది. పలక పట్టుకున్న పాపాన పోలేదు. తుడవడం తప్ప నాకేం వచ్చు?" ఆఖరి మాట అంటూండగానే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రాదు కాబట్టే. నాకు గీయడం వచ్చు గనకే ఇది కుదిరి చావడంలేదు అత్తయ్యా, చూడండి" అని చిత్తుకాగితాలన్నీ ముందు పరిచింది. "వీటిలో ఒక్కటైనా వానలా ఉందా?"

ఆవిడ వచ్చి కూర్చుంది. పెన్సిలుని గరిట పట్టుకున్నట్టు పిడికిట్లో పట్టుకుంది. పాత పేజీని ఎదురుగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎక్కణ్ణించి మొదలెట్టేది?"

"తెలియదు. నేను చూడలేదు. సిరా దిద్దుకుంటూ ఉండేదాన్ని. మధ్యమధ్య, ఊఁ బాగుందిరా అనేదాన్ని, చూడకుండానే."

అత్తగారు కోడలి వంక చూసింది. హాల్లో ఆ రోజు నుంచీ ఆవిడ ఆమె మొహంలోకి చూడ్డం ఇదే మొదలు. తరవాత వంగింది. మొదటి గీత పడింది, రెండోది దాన్ని తొక్కుకుంటూ పడింది, మూడోది ఎటో పోయింది. సున్నా మొదలుపెట్టిన చోటికి చేరలేదు. పిల్ల గీసినట్టు లేదు. అయినా పిచ్చుకమ్మ ఆపమనలేదు. ఈసారి కళ్లు తిప్పకుండా చూస్తోంది.

రెండో కాలు వేస్తుండగా టప్పున శబ్దమైంది.

"అయ్యో," అత్తగారు పెన్సిలు ఎత్తి పట్టుకుంది, "గట్టిగా నొక్కినట్టున్నాను. విరిగిందమ్మా."

పిచ్చుకమ్మ బల్ల సొరుగు లాగింది. రెండేళ్లుగా తియ్యని మూల నుంచి చెక్కుడుమర తీసి, పెన్సిలు కోసం చెయ్యి చాపింది.