శాంతకుమారి కట్టుకున్న బెల్టు

ఆదిశేషయ్య మీద రత్తయ్యకు ఉన్న కసి ఇంతా అంతా కాదు. చేలకు పురుగుమందు కొట్టే డబ్బా వీపున తగిలించుకుని ఆ మనిషి కాలువ గట్టు మీద పోతుంటే చాలు, రత్తయ్యకు ముద్ద గొంతు దిగదు. ఆ డబ్బాకు భుజాల పట్టీలుగా వేసినవి రత్తయ్య కారు బెల్టులు. ఆరేళ్లయినా ఒక్క పోగు ఊడలేదు.

ఆ కారు డెబ్బై ఎనిమిదిలో హైదరాబాదులో ఒక డాక్టరు దగ్గర కొన్నాడు. అరవై తొమ్మిదిలో తయారైన ఫారిన్ బండి. ముందు సీట్లకు రెండు బెల్టులు, కంపెనీలోనే బిగించినవి. బాన్సువాడ చుట్టుపక్కల కోస్తా రైతులు స్థిరపడిన క్యాంపుల్లో అలాంటివి ఎవరూ చూసి ఎరగరు. తెచ్చిన రోజు రత్తయ్య భార్య శాంతకుమారి పక్క సీట్లో కూర్చుని, బెల్టు నడుముకు బిగించుకుని నవ్వింది.

"ఏమండీ, పెళ్లయిన పన్నెండేళ్లకు వడ్డాణం చేయించారన్నమాట!"

ఆమె అన్న ఆదిశేషయ్య కారు చుట్టూ తిరిగి వచ్చాడు. చెల్లెలు అలా కనపడేసరికి మొహం మాడిపోయింది.

"ఏంటి బావా ఇది? మనిషిని పాడె మీద కట్టేసినట్టు! శుభమా అని కారు కొని మొదటి రోజే ఇదేం చోద్యం? తీసి పారెయ్."

మెకానిక్ చందర్ పక్కనే ఉన్నాడు. "గట్ల అనకు శేషన్నా. అవి కంపెనీవి, ఊకెనే పెడ్తరా? ఉండనియ్."

"అయితే నీ చెల్లెల్ని కూర్చోబెట్టుకో అట్టా!"

చుట్టూ చేరినవాళ్లు గొల్లుమన్నారు. ఆ నవ్వుకు రత్తయ్య తట్టుకోలేకపోయాడు. కొడవలి తెచ్చి తనే కోశాడు. ఓ పట్టాన తెగలేదు, రంపంలా లాగాల్సి వచ్చింది. "ఉండనివ్వండి, బాగుంది" అని శాంతకుమారి ఒక్కసారే అంది. అన్న ముందు రెండోసారి అనలేదు. ముక్కలు పారేయబోతే ఆదిశేషయ్య అందుకున్నాడు, గట్టి సరుకు, డబ్బాకు పనికొస్తుందని.

మరుసటి ఏడు బిచ్కుంద సంత నుంచి వస్తుంటే, పట్టపగలు, గేదె అడ్డం వచ్చింది. బండి కల్వర్టు గోడకు తగిలింది. పెద్ద స్పీడు కూడా లేదు. స్టీరింగు పట్టుకున్న రత్తయ్యకు మోచెయ్యి గీరుకుపోయిందంతే. శాంతకుమారి తల ఎదుటి అద్దానికి కొట్టుకుంది. హైదరాబాదు దవాఖానలో పదకొండు రోజులుంది. కళ్లు తెరవకుండానే పోయింది.

కారును లాక్కొచ్చిన చందర్, సీటు పక్కన బోల్టుకు మిగిలిన బెత్తెడు ముక్కను చూసి తల దించుకున్నాడు. తిట్టినా బాగుండేది.

దవాఖాన ఖర్చులకు రత్తయ్య కాలువ కింది పొలం అమ్మాడు. కొన్నది ఆదిశేషయ్యే.

ఎనభై నాలుగు వానాకాలంలో, ఇక ఉండబట్టలేక, రత్తయ్య ఆ పొలం గట్టెక్కాడు.

"బావా, ఆ పట్టీలు నాకిచ్చెయ్."

"ఎందుకు బావా? కారే లేదు కదా."

"వాటిలో ఒకటి మీ చెల్లెలు కట్టుకుంది."

ఆదిశేషయ్య డబ్బా దించాడు. పట్టీలు రెండూ ఒక్కలాగే ఉన్నాయి, మందు కారి తెల్లబడి. ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూశాడు.

"ఏది?" అన్నాడు.

రత్తయ్యకు తెలియలేదు.

"పోనీ, రెండూ తీసుకో."

రత్తయ్య వంగి చూశాడు. కోసిన అంచుల దగ్గర కొడవలి లాగిన గాట్లు అలాగే ఉన్నాయి. అవి తన చేతివి. చెయ్యి చాచలేకపోయాడు. వెనక్కి తిరిగి గట్టు పట్టుకుని నడిచాడు. అటూ ఇటూ పచ్చగా ఒకప్పటి తన మడే, రెండెకరాల పదమూడు గుంటలు.