దొరగారి గుమ్మం

డెబ్బై ఆరులో ఒక శుక్రవారం. పాత మస్కట్ చూపిస్తానని మా ఆయన వీరభద్రరావు నన్ను కార్లో బయల్దేరదీశారు. ఊరి చుట్టూ గోడ, ఆ గోడకి పెద్ద దర్వాజా. ఇదివరకు పొద్దుగూకితే దాన్ని మూసేసేవారట. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. మా ఫ్లాటు తలుపు పగలంతా మూసే ఉంటుంది కదా! పక్కింట్లో హిందీ, కొట్లో అరబ్బీ. నాకొచ్చింది తెలుగూ, చిన్నప్పుడు యానాం బళ్లో నేర్చుకున్న ఫ్రెంచీ. ఆ రెంటితో ఇక్కడ ఉప్పు కూడా పుట్టదు. వచ్చే వారం ఇంటికి వెళ్లిపోతానని తేల్చి చెప్పేశాను.

"ఈ ఒక్క ఊరూ చూడు శేషూ. తర్వాత నీ ఇష్టం" అన్నారాయన.

సందులన్నీ తిరిగి ఒక తెల్లటి మేడ ముందు ఆగాం. ఒకప్పుడు ఫ్రెంచి దొర ఉన్న ఇల్లట.

నాకేమైందో ఏమో, చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని గుమ్మం పక్కన నిలబడిపోయాను. యానాంలో ఫ్రెంచి దొరగారి బంగళాకి వెళ్తే మా నాన్న నన్ను అలాగే నిలబెట్టేవారు. లోపలినుంచి పిలుపు వచ్చేదాకా కదలకూడదు.

"ఈ ఇంటి దొరలు వెళ్లిపోయి యాభై ఏళ్లు దాటిందే!" మా ఆయన పడీ పడీ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంతలో ఎదురింటి గుమ్మంలోంచి, పూలగుడ్డ తలమీదుగా కప్పుకున్న ఒకావిడ కేకేసింది.

"కాళ్లు కాలడం లేదా అమ్మా?"

ఫ్రెంచిలో! నాకు ఏడుపొచ్చేసింది. "చిన్నప్పటి అలవాటండీ" అన్నాను, తుప్పుపట్టిన నా ఫ్రెంచిలోనే.

వెంటనే మమ్మల్ని లోపలికి రమ్మంది. ఆవిడ పేరు జువైనా. తాతలది ఈ ఊరే. తను పుట్టి పెరిగింది మాత్రం ఆఫ్రికాలో, బురుండిలో. అక్కడ చదువంతా ఫ్రెంచిలోనే. సొంత దేశమని కిందటేడు వచ్చేస్తే ఇక్కడ అరబ్బీ సరిగా రాదు, నోరు తెరిస్తే ముందు ఫ్రెంచే వచ్చేస్తుందట.

"మా అత్తగారిని మంచినీళ్లు అడగాలన్నా సైగలే" అంది, నా ముందు ఖర్జూరాలు పెడుతూ.

"ఏడ్చారా?"

"మొదట్లో రోజంతా. ఇప్పుడు పొద్దున పూట మాత్రమే."

ఇద్దరం పగలబడి నవ్వాం. ఈ దేశం వచ్చాక నేను నవ్వడం అదే మొదలు. నా నవ్వు వినపడి కాబోలు, అవతలి గదిలో ఆ ఇంటి మగవాళ్లతో కాఫీ తాగుతున్న మా ఆయన గొంతు ఠక్కున ఆగిపోయింది.

తిరిగి దర్వాజా దాటాక ఆయన మెల్లిగా అడిగారు. "రేపు టికెట్టుకి చెప్పమంటావా?"

"వచ్చే శుక్రవారం జువైనా రమ్మంది. ఉత్త చేతుల్తో ఎలా వెళ్తానండీ? ముందు మినప్పప్పు ఎక్కడ దొరుకుద్దో చూడండి, సున్నుండలు చుట్టాలి."

ఆయన కారు బజారు వైపు తిప్పారు.