ఆపరేషన్ పొద్దున సంగటి ముద్ద

మా అత్త హనుమంతమ్మ దృష్టిలో ఖాళీ కడుపుకు మించిన జబ్బు లోకంలో లేదు. ఆమె పుణ్యమా అని నా ఆపరేషన్ ఒకసారి వాయిదా పడింది. రెండోసారి పడనిచ్చేది లేదని అనంతపురం ఆసుపత్రి మంచం మీద కూర్చుని పంతం పట్టాను.

నా జబ్బు సంగతి చెప్పాలి. ఛాతీకీ కడుపుకూ మధ్య ఉండే పొరలో సందు పెద్దదై, కడుపు పైభాగం అందులోంచి పైకి జరిగిందట. ఏం తిన్నా పులుపు గొంతులోకి ఎగదన్నుకొచ్చేది. నడుం వాలిస్తే మంట. ఏళ్ల తరబడి గోడకు ఆనుకునే కునికాను. మా మడకశిరలో అందరూ డాక్టర్లే. ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు కారం మానమన్నారు, మా ఆయన దేవేంద్ర అయితే బద్ధకం అన్నాడు. పొద్దంతా గొర్రెల వెంట తిరిగేది నేను, బద్ధకమూ నాకే. ఆ మంటతోనే ఎవరినీ అడక్కుండా ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను.

ముందు రాత్రి నుంచి ఏమీ తినొద్దని డాక్టరమ్మ మొదటిసారే గట్టిగా చెప్పింది. మత్తిచ్చాక కడుపులో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పని, నాలాంటి వాళ్లకు ఆ భయం ఇంకా ఎక్కువని విడమరిచింది. తెల్లారి అత్త సంగటి తెచ్చింది. వద్దన్నాను. ఏడ్చింది. మెత్తబడ్డాను. సంగటిని మేం నమలం, మింగుతాం. క్షణంలో అయిపోయింది. డాక్టరమ్మ అడిగితే దాచలేదు, ఇంటికి పొమ్మంది. మళ్లీ నా వంతు వచ్చేసరికి ఎండాకాలం దాటిపోయింది.

ఈసారీ తెల్లారేసరికి అత్త డబ్బాతో హాజరు. రాగి సంగటి, పక్కన శనక్కాయల ఊరుబిండి పచ్చడి. వాసనకే నోరూరింది, అబద్ధమెందుకు.

"ఒక్క ముద్ద తినే. ఎవురూ చూడరు" అంది.

తిననన్నాను. పెద్దామె మాట కాదనకూడదని దేవేంద్ర సణిగాడు. బయటికి పొమ్మంటే పోయాడు.

అత్త డబ్బా మూత పెట్టలేదు. "మీ మామ ఇట్లనే ఏమీ తినకుండా లోపలికి పోయినాడు. మళ్లా రాలే. ఆకలితోనే పోయినాడే" అంది.

నేను కాపురానికి రాకముందే మామ పోయాడు. ఇన్నేళ్లలో ఈ మాట ఆమె నోట వినలేదు. నాకూ ఏడుపొచ్చింది. ఇప్పుడు మెత్తబడితే మళ్లీ గోడకు ఆనుకునే బతకాలి. అందుకే గొంతు పెంచాను.

"మామ జబ్బుతో పోయినాడత్తా, ఆకలితో కాదు. ఈ ముద్ద తింటే నీ చేత్తో నువ్వే నన్ను సంపినట్లే."

ఆమె డబ్బా మంచం మీద పెట్టేసింది. నేను పస్తుంటే తనూ పచ్చి మంచినీళ్లు ముట్టలేదని ఆ పీక్కుపోయిన ముఖం చూస్తేనే తెలుస్తోంది. సంగటి తుంచి ఊరుబిండిలో అద్ది ఆమె నోటికి అందించాను. తల తిప్పుకుంది. నువ్వు తినేదాకా లోపలికి పోనని భీష్మించాను. స్ట్రెచర్ తెచ్చినవాళ్లు విసుక్కున్నారు. విసుక్కోనీ అనుకున్నాను. ఏడుస్తూనే అత్త మింగింది. డబ్బా ఖాళీ అయ్యేదాకా నేను వదల్లేదు.

స్ట్రెచర్ కదులుతుంటే ఆమె నా వేళ్లు పట్టుకుని, వస్తావు కదే అని అడిగింది.

"రాకుండా యాడికి పోతా. నీతో కొట్లాడేది ఇంకా శానా ఉండాది" అన్నాను.