చిన్నది విప్పేసిన కోటు

కాలేజీ ల్యాబులో కుళాయి పొద్దున్నే ఎండిపోయింది. బకెట్లో మిగిలిన నీళ్లతోనే అందరూ గాజు సామాను కడుక్కోవాల్సి వచ్చింది. చుక్కలు కొలిచి వదిలే బ్యూరెట్లలో సగం కారేవే. అక్కాచెల్లెళ్లలో పెద్దది తన వంతు కోసం మధ్యాహ్నం దాకా కాళ్లు పీకేలా నిలబడింది. తీరా బ్యూరెట్ చేతికొచ్చాక తన ఫ్లాస్కు చూసుకోకుండా, పక్క బల్ల దగ్గర చిన్నది ఏం చేస్తోందా అని తల తిప్పింది. ఆ ఒక్క చూపుకి ఒక చుక్క ఎక్కువ పడింది. లేత గులాబీ దగ్గర ఆగాల్సిన రంగు కాస్తా ముదిరి కూర్చుంది.

చిన్నదాని ఫ్లాస్కులో రంగు ఉందా లేదా అన్నంత లేతగా నిలిచింది. లెక్చరర్ గారు దాన్ని పైకెత్తి అందరికీ చూపించారు.

"ఆగడమంటే ఇదీ! చూసి నేర్చుకోండి."

పెద్దదానికి ఒళ్లు మండిపోయింది.

పెద్దది, చిన్నది అన్నవి ఇంట్లో వాళ్ల పిలుపులు. చిన్నది పిన్ని కూతురు. వయసులో తేడా నెలలే. పిన్ని పోయాక ఈ ఇంటికొచ్చి ఒకే చాప, ఒకే దువ్వెన పంచుకుంటూ పెరిగింది. ఇప్పుడు ఊళ్లో ఉన్న చిన్న డిగ్రీ కాలేజీలో ఇద్దరికీ కలిపి ఒకటే కెమిస్ట్రీ పుస్తకం. పెద్దది కళ్లు ఎర్రబడేలా చదివేది. చిన్నది ఒకసారి చదివి పుస్తకం అక్క ఒళ్లోకి తోసేసి, కూరలు తరగడానికి పోయేది. మార్కులు మాత్రం చిన్నదానికే ఎక్కువొచ్చేవి. పంచుకోవడానికి వీల్లేనిది ఇంట్లో అదొక్కటే.

నాన్నది బట్టలకు రంగులద్దే మిల్లులో తొట్ల దగ్గర పని. ఎంత రుద్దినా మోచేతుల దాకా నీలం వదలదు. ఆ చేతులతోనే చిన్నదాని తల నిమిరి, "దీని చేతిలో ఏదో ఉందే! ఆ నిలకడ నీకూ వస్తే ఎంత బాగుండు," అనేవాడు. ఆ మాట ఎవరినీ నొప్పించాలని కాదు. కానీ పెద్దది సగం కంచంతోనే లేచిపోయేది.

మిల్లు పరీక్షల గదిలో సాయంత్రాలు పనిచేయడానికి ఒక విద్యార్థిని పంపమని మేనేజరు అడిగితే, లెక్చరర్ గారు చెప్పిందీ చిన్నదాని పేరే. తెల్ల కోటిచ్చారు. చిన్నది రోజూ దాన్ని ఇంటికి తెచ్చి మేకుకి తగిలించేది. ఎవరూ లేని పూట పెద్దది ఆ కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుంది. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. దాంతో కుళ్లు ఇంకా పెరిగింది.

ఒక సాయంత్రం చిన్నది కోటు లేకుండా తిరిగొచ్చింది.

"మానేశాను పెదనాన్నా. పరీక్షలు దగ్గరపడుతున్నాయిగా."

"నీకేమైనా పిచ్చా? చేతికొచ్చిన పని ఎవరైనా వదులుకుంటారా?" నాన్న గొంతు లేచింది. చిన్నదాన్ని ఆయన కసురుకోవడం పెద్దది వినడం అదే మొదలు. ముఖం దించుకుంది గానీ, లోపల కడుపు చల్లబడింది.

మరో వారానికి మిల్లు నుంచి కబురు పెద్దదానికే వచ్చింది. జడ వేసుకుంటుంటే చిన్నది వెనకగా వచ్చి నిలబడింది.

"అక్కా, వెళ్లకే."

"ఎందుకు?"

చిన్నది గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్న పెదనాన్న వైపు చూసింది. "ఊరికే."

"నీవల్ల కానిది నావల్ల అయితే నీకేం నొప్పి?"

చిన్నది కూరలు తరగడానికి వంటింట్లోకి పోయింది.

పరీక్షల గది మిల్లు మేడ మీద ఉంది. కిటికీలోంచి చూస్తే కింద తొట్లు, ఆవిరి, ఆ పక్కనుంచి కాలవలోకి పోయే నీళ్లు. మేనేజరు సీసాడు కాలవ నీళ్లు బల్ల మీద పెట్టి, ఆమ్లం ఎంతుందో తేల్చమన్నాడు. ఇక్కడ బ్యూరెట్లు కారవు. పెద్దది ఊపిరి బిగబట్టి చేసింది. ఎంత క్షారం పోసినా రంగు తిరగదే! నింపిన బ్యూరెట్ ఖాళీ చేసి మళ్లీ నింపాక గానీ తిరగలేదు. ఆ నీళ్లలో అంత ఆమ్లం ఉంది. సరిగ్గా ఆగింది. చూడ్డానికి లెక్చరర్ గారుంటే బాగుండుననిపించింది.

"భేష్," అన్నాడు మేనేజరు. "ఇప్పుడు అది పక్కన పెట్టి ఈ అంకె రాసి సంతకం చెయ్యి. సర్కారు వాళ్లు తనిఖీకి వస్తున్నారు."

అతను చూపించిన అంకె తాగే నీళ్లకు సరిపోయేది.

"సార్, ఇది..."

"మీ చెల్లెలు కూడా ఇక్కడే ఆగిపోయింది. తెలివైందే, మొండిది. మీ నాన్న కింద తొట్ల దగ్గరే కదూ? బయట నోరెత్తితే ఆయన ఇంట్లో కూర్చోవాల్సొస్తుందని చెప్పాను. అప్పట్నుంచీ కిక్కురుమనలేదు. నీకు లోకజ్ఞానం ఉన్నట్టుంది."

కుర్చీ వీపుకి ఆ తెల్ల కోటు వేలాడుతోంది. పెద్దదానికి ముందు గుర్తొచ్చింది కాలవా కాదు, నాన్నా కాదు. ఇక్కడ కూడా అదే ముందా! కాదనడంలోనూ నాకంటే ముందు అదేనా! తిట్లు తిని, కారణం మింగి, ఏమీ ఎరగనట్టు కూరలు తరిగింది. సంతకం పెట్టేస్తే ఈ ఒక్క చోటైనా దాన్ని దాటిపోవచ్చు. పెన్ను చేతిలోకి తీసుకుంది కూడా.

అప్పుడు అమ్మ కాళ్లు కళ్లముందుకొచ్చాయి. ఈ కాలవలోనే బట్టలుతికి వేళ్ల సందులు ఎర్రగా పాచిపోయి, నూనె రాసినప్పుడల్లా పళ్లు బిగించే అమ్మ. ఆ కాళ్లకు నూనె రాసేదీ చిన్నదే.

"నేను రాయనండి," అంది. పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"ఏమన్నావ్?"

"రాయను."

మేనేజరు ఆమెను ఎగాదిగా చూసి, కిటికీలోంచి కిందికి కేకేశాడు. "ఆ పిల్ల నాన్నని పైకి పంపండి!"

పెద్దది మెట్లు సగం దిగేసరికి నాన్న ఎదురొచ్చాడు. నీలం చేతుల్ని పంచెకు తుడుచుకుంటూ, జుట్టు సర్దుకుంటూ ఎక్కుతున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"పని ఖాయమైందామ్మా? అందుకేగా నన్ను కూడా పిలిచారు?"

నాన్న సమాధానం కోసం ఆగలేదు. ఆమె వెనక్కి తిరిగి, ఆయన వెంట మళ్లీ మెట్లెక్కింది.