వెంపలి దిబ్బ

పొద్దున ఎనిమిదింటికి దిబ్బ మీద పదిమంది మగవాళ్లు వరసగా నడుస్తున్నారు. వీపుల మీద ట్యాంకులు, చేతుల్లో గొట్టాలు. ముక్కులకు గుడ్డపేలిక కూడా లేదు. వాళ్లు నడిచిన మేర గరికా వెంపలి పొదలూ తడిసి మెరుస్తున్నాయి. మార్కాపురం కాలేజీకి బస్సు కోసం నిలబడ్డ నాకు గాలిలో ఘాటు తగిలింది. గడ్డిని చంపే మందు!

గొర్రెలు కాసే యల్లయ్య మామ మందను కిందికి తోలుకుంటూ అరుస్తున్నాడు.

"ఏందిరా మీరు చేస్తుండేది? ఎవురు చెప్పినారు మీకు?"

బస్సు వచ్చింది. నేను ఎక్కలేదు.

ఆ దిబ్బ ఊరికే పచ్చబడలేదు. మా ఊరి పలకల క్వారీ మూతబడ్డప్పుడు యజమాని తవ్విపోసిన రాతి ముక్కల్ని మా కాలనీ నెత్తిన గుట్టగా వదిలేసి పోయాడు. వానొస్తే రాళ్లు ఇళ్ల మీదికి జారేవి. గాలొస్తే దుమ్ము. క్వారీలో పలకలు కోసి ఊపిరితిత్తులు పాడైనవాళ్లు ఇంటింటికీ ఉన్నారు. నాగరత్నమ్మ పెద్దమ్మ భర్త ఆ దగ్గుతోనే పోయాడు. అర్జీలు పెట్టాం. ఎవరూ రాలేదు.

చివరికి పెద్దమ్మే గంప ఎత్తింది. పలకలు మోసిన ఆడవాళ్లంతా దిబ్బ మీదికి చెరువు మట్టి మోశారు. యల్లయ్య మామ ఎరువు కోసం మందను దిబ్బ మీద నిలిపాడు. మొదటి ఏడు ఏదీ బతకలేదు. రెండో ఏడు వెంపలి నిలబడింది. దాని నీడన గరిక పట్టింది. కానుగలు ఆ తర్వాత. గడ్డి గింజ రాల్చాకే గొర్రెలు ఎక్కాలి, ఎండలు ముదరకముందే ఎండుగడ్డి కోసి నిప్పు భయం లేకుండా చెయ్యాలి. ఇవి కాలనీ కూర్చుని పెట్టుకున్న కట్టుబాట్లు. తొమ్మిదేళ్లకు దిబ్బ జారడం మానేసింది.

ఇప్పుడు గని భూమిని బాగుచేస్తానని ఎవడో కాంట్రాక్టు పట్టాడు. ఉన్నదంతా చంపి, నర్సరీ మొక్కలు వరసల్లో నాటి, బిల్లు కోసం ఫొటోలు పంపాలి.

"ఇవన్నీ పిచ్చి మొక్కలమ్మా. కాగితాల్లో ఇది బంజరు" అన్నాడు కూలీలను నడిపిస్తున్న కాంట్రాక్టరు సూపర్వైజర్.

"బంజరైతే మందెందుకు కొట్టిస్తుండావు నాయనా?" అని అడిగింది పెద్దమ్మ.

"ఆగొద్దు, కొట్టండి!" అని వాడు కూలీల మీద అరిచాడు.

వరసలో చివరి మనిషి రెండడుగులు వేసి కూలబడ్డాడు. కొమరోలు నుంచి లారీలో తెచ్చిన కూలీ, పేరు ఎజ్రా. ట్యాంకు కారి వీపంతా తడిసింది. వాంతి చేసుకున్నాడు. సూపర్వైజర్ ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. పెద్దమ్మే చొక్కా విప్పించి సబ్బుతో వీపు కడిగింది. యల్లయ్య మామ ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆ పూటకు పని ఆగింది.

సాయంత్రం కాలనీవాళ్లమంతా బడి వరండాలో కూర్చున్నాం.

"నాటే పని మనకే ఇస్తారంట. ఒద్దంటే ఎట్ల?" అంది కూలికి పోయే పుష్పమ్మక్క.

"గడ్డి చస్తే మళ్లీ దుమ్మే గదమ్మా. ఈ రొమ్ము తట్టుకుంటదా?" అన్నాడు క్వారీలో ముప్పై ఏళ్లు చేసిన కాశయ్య, దగ్గు ఆపుకుంటూ.

"నీ రొమ్ము సంగతి నాకు తెలుసన్నా. నా పొయ్యి సంగతి నీకు తెలుసునా?"

వెనకనుంచి ఒకడు లేచాడు. "రేపు ఆ గొట్టాలోళ్లను తన్ని తరుముదాం!"

"తన్నండి, పోతాం."

అందరూ తిరిగి చూశారు. ఎజ్రా. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి, యల్లయ్య మామ భుజం పట్టుకుని నిలబడ్డాడు.

"ఎల్లుండి ఇంకో లారీలో ఇంకొకర్ని తెస్తాడు. చెట్లకు నీళ్లు పొయ్యాలని చెప్పి తెచ్చినారు మమ్మల్ని. ట్యాంకులో ఏముండాదో చెప్పలే."

దిబ్బ కింద దొరికిన ఖాళీ మందు డబ్బా మీద రాసింది నేను పైకి చదివాను. చేతి తొడుగులు, ముక్కుకు రక్షణ లేకుండా కొట్టరాదు. పశువులను మేపరాదు. పుష్పమ్మక్క డబ్బా తీసుకుని ఎర్ర అక్షరాల కింద వేలుపెట్టి మళ్లీ చదివించుకుంది. డబ్బా కింద పెట్టి అంది.

"నాటే కూలి అడుగుదాం. చంపే కూలి ఒద్దు."

మర్నాడు కాలనీ మొత్తం దిబ్బ చుట్టూ కూర్చుంది. కొమరోలు కూలీలు లారీ దిగారు గానీ ట్యాంకులు ఎత్తుకోలేదు. ఎజ్రా పక్కన వచ్చి కూర్చున్నారు. గంటలో పోలీసు జీపు వచ్చింది.

"ఎవరిదమ్మా ఈ భూమి? మీదా?" అన్నాడు ఎస్సై.

"క్వారీ ఓనరు తవ్వుకునేటప్పుడు ఈ మాట ఎవురూ అడగలే సారూ" అంది పెద్దమ్మ.

పని అడ్డుకున్నారని పెద్దమ్మనూ యల్లయ్య మామనూ ఎజ్రానూ జీపెక్కించారు. జీపు ముందు పడుకున్నవాళ్లను కాళ్లు పట్టి లాగేశారు. మా దిబ్బ మీద అడుగుపెట్టే ధైర్యం మాత్రం సూపర్వైజర్‌కు లేకపోయింది. వేరే కూలీలతో కొట్టించాలని, ట్యాంకులున్న లారీని అదే కాంట్రాక్టులోని అవతలి ఊరి క్వారీ దిబ్బకు మళ్లించాడు. పుష్పమ్మక్క ఆ ఊరికి ఫోన్ చేసి, కొంగు నడుముకు దోపి నడక మొదలుపెట్టింది. వెనకే మేమంతా.

మేం చేరేసరికి లారీ ఆగి హారన్ కొడుతోంది. దారికి అడ్డంగా, ఎండలో, ఆ ఊరి ఆడవాళ్లూ మగవాళ్లూ కూర్చుని ఉన్నారు. పుష్పమ్మక్క లారీ పక్కనుంచి పోయి వాళ్ల ముందు నిలబడింది.

"కొంచెం జరగండమ్మా" అంది. "మాకూ చోటియ్యండి."