తప్పిన కుట్లు

సిరిసిల్ల నుంచి వచ్చిన చంద్రావతి అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో బట్టలు కుడుతుంది. కూతురు ధాత్రి మూడో తరగతి. ఆ పిల్ల మాట మధ్యలో ఆగి ఎటో చూస్తూ ఉండిపోయినప్పుడల్లా, తను ఎక్కడున్నా సరే, ఇక్కడ అమ్మ మిషన్ బెత్తెడు మేర దారం పడకుండా నడిచేది. గల్లీలో అందరికీ తెలిసిన సంగతే. “ధాత్రి కుట్టు పడిందా?” అని నవ్వేవాళ్లు. చంద్రావతి పనిలో మహా నిక్కచ్చి. సాయంత్రం ఆ ఖాళీలన్నీ మళ్లీ కుట్టాకే బట్ట మడతపెట్టేది.

బడిలో మాత్రం ఎవరూ నవ్వలేదు. పిలిస్తే పలకదు, పొగరన్నారు. కౌన్సెలర్ మొండితనమన్నాడు. మానసిక వైద్యుడు మాత్రలు రాస్తూ, రోజుకు ఎన్నిసార్లు ఇలా చేస్తుందని అడిగాడు.

“ఒకటి రెండుసార్లు సార్,” అంది చంద్రావతి. అబద్ధం కాదు పాపం, కుట్టేసినవాటిని ఎవరు లెక్కపెట్టుకుంటారు? మాత్రలతో పిల్లకు నిద్ర ముంచుకొచ్చిందే గానీ ఆ చూపు పోలేదు. పిలుపుకు పలకనప్పుడల్లా చంద్రావతి ఒళ్లు మండి పిల్ల చెంప పగలగొట్టేది.

ఓ శుక్రవారం మధ్యాహ్నం హెడ్మిస్ట్రెస్ పిలిపించి, సోమవారం వచ్చి టీసీ తీసుకెళ్లమంది. చంద్రావతి ధాత్రిని వెంటబెట్టుకుని ఏడుస్తూ ఇల్లు చేరేసరికి, పంజాగుట్టలో పిల్లల నరాల డాక్టరైన షెర్లిన్ తన కుర్తా కోసం వచ్చి కూర్చుంది. పొద్దున కుట్టిన కుర్తా ఖాళీలతో అలాగే పడి ఉంది. ‘ధాత్రి కుట్టు’ సంగతి గల్లీలో విన్న షెర్లిన్ వాటి మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. పందొమ్మిది.

“అక్కా, ఇవన్నీ ఈ ఒక్క పొద్దుటివేనా?”

“జర ఆగుండ్రి మేడం, ఇప్పుడే కుట్టేస్త.”

“కుట్టకక్కా. పాపని పిలువు.”

షెర్లిన్ ఓ కాగితం ముక్క చూపించి, ఆపకుండా ఊదమంది. రెండు నిమిషాలకు ధాత్రి ఊదడం మానేసి, రెప్పలు కొట్టుకుంటూ ఎటో చూసింది. చంద్రావతి అలవాటుగా చెయ్యెత్తింది. డాక్టర్ ఆ చెయ్యి పట్టుకుంది.

“మొండితనం కాదక్కా, మూర్ఛ. ఇప్పుడు పాప ఇక్కడ లేదు.”

“మూర్ఛంటే కిందపడి కొట్టుకుంటరు కద మేడం?”

“ఇలా కూడా వస్తుంది.”

సోమవారం పంజాగుట్ట ఆసుపత్రిలో ధాత్రి తలకు తీగలు అంటించి పరీక్ష చేశారు. మందు మారింది. డాక్టర్ రాసిచ్చిన ఉత్తరం చూసి బడివాళ్లు టీసీ మాట ఎత్తలేదు. రెండు నెలలకు మిషన్ ఒక్క కుట్టూ తప్పడం లేదు. సాయంత్రాలు తీరిక దొరికి, చంద్రావతి తను కొట్టిన దెబ్బలు తలుచుకుని కుమిలిపోయేది.

ఓ ఆదివారం జడ వేయించుకుంటూ ధాత్రి అంది, “అమ్మా, గీ గోళీలు మస్తు మంచిగున్నయే. చెంప మండుడు సుత తగ్గింది.”

“చెంప మండుడేందే?”

“ఊకెనే, దానంతటదే మండుతుండె. గది సుత గా రోగమే అనుకున్న.”

చంద్రావతి చేతుల్లో జడపాయలు ఆగిపోయాయి.

“అవు బిడ్డా,” అంది మళ్లీ పాయలు అల్లుతూ, “గది సుత రోగమే.”