వియ్యాలవారొస్తే బిగుసుకుపోయే కంప్యూటరు

సుబ్రహ్మణ్యేశ్వరరావుగారి పేరు పూర్తిగా పలికేలోపు ఆయనకి కోపం రెండుసార్లు వచ్చి ఒకసారి పోతుంది. ఆ ఆశ్వయుజంలో మాత్రం వచ్చిన కోపం పోకుండా ఇంట్లోనే కాపురం పెట్టేసింది. దానికి కారణం కొత్తపేట దగ్గర ఆయన ఇంట్లో, హాలు గోడగూట్లో కూర్చున్న కంప్యూటరు.

అది ఉత్తరాలు కొట్టుకునే కంప్యూటరు కాదు. గుమ్మమంత టీవీకీ, అయిదు స్పీకర్లకీ తగిలించిన హోం థియేటరు కంప్యూటరు. దానికోసం ఆయన పాత కట్టెలపొయ్యి గదిని, పొయ్యి మీది అటకతో సహా పడగొట్టించి, ఆ చోటంతా హాల్లో కలిపేశారు. "గ్యాసు ఉండగా ఇంకా పొగేంటే!" అని భార్య భూలక్ష్మి నోరు మూయించారు. పూర్వం వంటింట్లోంచి హాల్లోకి కూరగిన్నెలు అందించుకున్న గూట్లో కంప్యూటరు పెట్టి, దాని ముందు టీవీ నిలబెట్టారు. ఆ గూటికి వంటింటి వైపు చిన్న తలుపుందన్న సంగతి ఆయన ఎప్పుడో మరిచిపోయారు. వంటింట్లోకి వెళ్ళే మనిషైతే కదా గుర్తుండటానికి!

ఆయనొక్కరూ కూర్చుంటే అది రెండేసి సినిమాలు ఏకబిగిన ఆడేది. వియ్యాలవారు కూర్చుంటే ఏకంగా బిగిసేది.

కూతురు సత్యప్రియకి శ్రావణంలో పెళ్ళయింది. పెళ్ళి వీడియో చేతికొచ్చాక, పెద్ద తెర మీద చూద్దామని తాటిపాక నుంచి వియ్యంకుడు కనకరాజు, వియ్యపురాలు రాజేశ్వరమ్మ వచ్చారు. అరగంట బాగానే నడిచింది. పెళ్ళికి ముందురోజు విందు దగ్గరికొచ్చేసరికి బొమ్మ ఆగిపోయింది. తెరనిండా రాజేశ్వరమ్మ. నోటినిండా బూరె. ఒక బుగ్గ వరదగోదావరిలా పొంగి, ఒక కన్ను సగం మూతపడి, చెయ్యేమో రెండో బూరె మీద. మౌసు కదలదు, కీబోర్డు పలకదు. పోనీ టీవీ అయినా ఆపుదామంటే రిమోటు కనపడదు. పావుగంట తరవాత రాజేశ్వరమ్మ విసురుగా లేస్తే గాని తెలియలేదు, ఆవిడ దాని మీదే కూర్చున్నారని.

"బాగా మర్యాద చేసేరండి అన్నయ్యగారూ" అని ఆవిడ కాఫీ అయినా ముట్టకుండా కారెక్కేశారు.

మర్నాడు కూతురి ఫోను.

"అత్తయ్యగారు నాతో మాట్లాడట్లేదు నాన్నా. మీరు కావాలనే అక్కడ ఆపేరంటున్నారు."

"కావాలని ఆపగలిగినవాణ్ణి కావాలన్నప్పుడు నడిపించుకోలేనా! మీ అత్తగారికి బుర్ర..."

"నాన్నా! ఆవిడతో కాపురం ఉంటున్నది నేను. బతిమాలి ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ తీసుకొస్తున్నాను. మొదట్నుంచీ చివరిదాకా ఆగకుండా చూపించండి. మళ్ళీ ఆగిందంటే ఆవిడ మన గుమ్మం తొక్కరు, నాతో జన్మలో మాట్లాడరు."

ఇక ఆయన ఆగ్రహానికి ఆగడమన్నది లేదు. కరెంటు వాళ్ళని తిట్టారు. కంప్యూటరు అమ్మినవాణ్ణి తిట్టారు. వీడియో తీసినవాణ్ణి, బూరెలు వండినవాణ్ణి కూడా వదల్లేదు. చివరికి అమలాపురం నుంచి మెకానిక్ గంగబాబుని పిలిపించారు.

"మా ఫ్రిజ్జులో నీళ్ళు గడ్డకట్టవు గాని, దీంట్లో పెళ్ళి గడ్డకట్టింది గంగబాబూ! ఎక్కడి న్యాయం ఇది?"

గంగబాబు నిదానస్తుడు. "ఆయ్. ఎప్పుడెప్పుడు ఆగుతుందండి?"

"వియ్యాలవారొస్తే."

"అది కాదండి. ఏం ఆడిస్తుంటే ఆగుతుందని."

"ఏం ఆడించినా! నిశ్చయ తాంబూలాలకొచ్చిన రోజు పాట మధ్యలో ఆగింది. మొన్న బూరె మధ్యలో ఆగింది. దీనికి మా వియ్యాలవారంటే పడదయ్యా!"

గంగబాబు టీవీని పక్కకి లాగి, పెట్టె విప్పి దుమ్ము దులిపాడు. ర్యాము మార్చాడు. వైర్లన్నీ పీకి మళ్ళీ గుచ్చాడు. విండోసు కొత్తగా ఎక్కించాడు. నాలుగ్గంటలు ఆడించి చూశాడు. ఎక్కడా ఆగలేదు.

"దీనికే రోగమూ లేదండి."

"రోగం లేకపోతే మరి నా పరువెలా పోయిందయ్యా? రాముణ్ణి మార్చేవు, కిటికీలు మార్చేవు, ఇంకా ఊపిరాడదేం దీనికి?"

"ఊపిరి సంగతే అడుగుదామనుకుంటున్నానండి. ఇది వేడెక్కితే బిగుసుకుంటుంది. దీని నెత్తి మీద గాలి కన్నాలున్నాయి చూడండి. మీద ఎవరేనా ఏదేనా పెడుతుంటారాండి?"

"మీదా? నా ప్రాణాలన్నీ దాని మీదే పెట్టుకున్నాను, ఇంకేం పెడతారు? ఈ ఇంట్లో నేను తప్ప దాని జోలికెళ్ళే నాథుడు లేడు!"

వంటింట్లో ఏదో గిన్నె చేజారి దొర్లింది.

గంగబాబు నమ్మీ నమ్మనట్టు తల ఊపి, తెర మూల ఒక అంకె కనపడేలా పెట్టాడు. "అది లోపలి వేడండి. యాభైలో ఉంటే బెంగలేదు. తొంభై దాటిందంటే దణ్ణం పెట్టేసుకోండి."

ఆ వారమంతా సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు సినిమా పెట్టి అంకె చూశారు. నలభై తొమ్మిది. యాభై ఒకటి. ఏ హీరో ఎవర్ని ఎందుకు కొట్టాడో ఆయనకి తెలియదు, అంకె యాభై మూడు దాటలేదని మాత్రం తెలుసు.

ఆదివారం పొద్దున్నుంచీ ముసురు. మధ్యాహ్నానికి వియ్యాలవారు దిగారు. వెనకాల సత్యప్రియ, ముఖం చిన్నబుచ్చుకుని. ఈసారి రిమోటు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారి జేబులోనే ఉంది. వీడియో మొదలైంది. పెళ్ళికొడుకుని చేసేటప్పుడు అరవై. ఎదురుకోలు దగ్గర డెబ్భై నాలుగు. ఆయన లేచి, వియ్యంకుడి మీద తిరుగుతున్న ఫ్యానుని టీవీ వైపు తిప్పేశారు.

"నాకు చెమట పట్టేస్తుంది బావగారూ" అన్నాడు కనకరాజు.

"మీ చెమట తుడుచుకుంటే పోతుందండి! దాని సంగతి చూడండి!"

ఎనభై రెండు. విందు వచ్చింది. తెర మీద రాజేశ్వరమ్మ బూరె అందుకున్నారు, నోట్లో పెట్టుకున్నారు. హాల్లో అందరూ ఊపిరి బిగబట్టారు. ఆవిడ నమిలారు. మింగారు. విందు దాటిపోయింది. సత్యప్రియ కళ్ళు తుడుచుకుంది. ఎనభై ఎనిమిది.

ముహూర్తం. మేళం జోరందుకుంది. పెళ్ళికొడుకు తాళి ఎత్తాడు. తొంభై మూడు. అంతే, బొమ్మ బిగుసుకుపోయింది.

తెర మీద పెళ్ళికొడుకు చేతులు తాళితో గాల్లో ఉన్నాయి. ఆ చేతుల మధ్యనుంచి, వెనక పీటల మీద, తల వెనక్కి వాల్చి, నోరు గుమ్మంలా తెరిచి నిద్రపోతున్న సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు! ఆ రోజు ఆయన కునుకు తీశారని అన్నందుకు సొంత తమ్ముడితోనే మాటలు మానేశారాయన.

హాల్లో ఒక కిసుక్కు. అది రాజేశ్వరమ్మది.

"కూతురి మెళ్ళో తాళి పడుతుంటే ధ్యానంలో ఉన్నారాండి అన్నయ్యగారూ?"

ఆయన చెయ్యి జేబులో రిమోటు మీదికి వెళ్ళింది.

"ఆపకండి, ఆపకండి. పావుగంట ఉండనివ్వండి. మాకు చేసిన మర్యాద మీకూ జరగాలి కదండి."

"దీన్ని ఇవాళ గోదాట్లో కలిపేస్తాను!" అని అరిచి ఆయన టీవీని పక్కకి ఈడ్చారు.

కంప్యూటరు నెత్తిన వెడల్పాటి వెదురుబుట్ట. బుట్ట మీద ఆయన పంచె, మడతపెట్టి కప్పి ఉంది. గాలి కన్నం ఒక్కటీ కనపడలేదు. ఆయన బుట్ట పట్టుకుని లాగారు. గూట్లోంచి గాజులచెయ్యి వచ్చి అవతలివైపు పట్టుకుంది.

"వదలండి! విరిగిపోతాయి!" గూటికి అటువైపు, వంటింట్లో భూలక్ష్మి.

"ఏంటే ఇవి?"

"పూతరేకులండి. ఇంకా చుట్టలేదు."

"నా కంప్యూటరు నెత్తినా?"

"మరి నా నెత్తిన పెట్టుకోమంటారా? ముసురు పట్టిందంటే రేకు మెత్తబడి తడిగుడ్డలా అయిపోతుంది. మా ఆత్రేయపురంలో పొయ్యి మీద అటకెక్కించేవాళ్ళం. ఇక్కడ అటక పీకించిందెవరండి? వెచ్చగా ఉండే చోటు ఇంట్లో ఇదొక్కటే మిగిల్చేరు మీరు. వియ్యాలవారొచ్చినప్పుడల్లా వట్టి చేతుల్తో పంపమన్నారా?"

సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు కోప్పడ్డానికి నోరు తెరిచారు. ఎవరి మీద కోప్పడాలో తెలియక, తెర మీది బొమ్మలాగే తెరిచిన నోటితో ఉండిపోయారు.

రాజేశ్వరమ్మ లేచి వచ్చి, పంచె తొలగించి, ఒక రేకు అంచు విరిచారు. ఫెళ్ళుమంది.

"ఈ ముసుర్లో ఇంత పెళుసుగానా వదినగారూ! మేం కొని తెచ్చుకున్నవి మర్నాటికే చేతికంటుకుంటున్నాయండి."

"ఆయ్. దాని వేడికండి" అంది భూలక్ష్మి. గూట్లోంచే నెయ్యీ పంచదారా వేసి ఒకటి చుట్టి అందించింది, పూర్వం కూరగిన్నె అందించినట్టు.

రాజేశ్వరమ్మ దాన్ని సాంతం నోట్లో పెట్టుకున్నారు. బుగ్గ పొంగింది, కన్ను సగం మూతపడింది. చెయ్యి రెండోదాని మీద పడింది. అందరూ గబుక్కున నేలచూపులు చూశారు.

"సత్యా, అలా నిలబడతావేంటమ్మా? నువ్వూ ఒకటి తిను" అన్నారావిడ నోటినిండా రేకుతో. వారం తరవాత కోడలితో అన్న మొదటి మాట అది. సత్యప్రియ పరుగున వచ్చి అత్తగారి పక్కన చేరింది.

"దీపావళికి మా వాళ్ళందరికీ పంచాలండి వదినగారూ. రెండొందల రేకులు ఇక్కడే పెట్టించండి."

"అలాగేనండి."

"మరి నా వీడియో?" అని సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు గొంతు చించుకున్నారు. "సగం పెళ్ళి మిగిలిపోయింది!"

"పెళ్ళి ఎక్కడికి పోతుందండి? ముందు దాన్ని కాస్త వేడెక్కించండి అన్నయ్యగారూ" అన్నారు రాజేశ్వరమ్మ.

ఆయన పళ్ళు నూరుతూ కంప్యూటరు ఆపి, మళ్ళీ వేశారు. కుర్చీలో కూలబడి మూలనున్న అంకెని గుడ్లురిమి చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి గూట్లోంచి భూలక్ష్మి గొంతు వినపడింది.

"ఎంతయిందండీ?"

"డెబ్భై!" అయిదు స్పీకర్లూ కలిసినా అంత గట్టిగా అరవలేవు.

"చాలదండి. ఎనభై అయ్యేక చెప్పండి."